టెక్కలి చుట్టూ, అరిసెల డబ్బా ఖాళీ కాకముందే

టెక్కలి (శ్రీకాకుళం జిల్లా), మంగళవారం

బస్సు దిగి సంచి భుజాన వేసుకున్నానో లేదో ఆటో స్టాండులోంచి ప్రశ్న. "ఎవులింటికి బావూ?"

టీచరమ్మ గారింటికి అన్నాను.

"ఏ టీచరమ్మ? లెక్కల టీచరమ్మా, తెలుగు టీచరమ్మా?"

"తెలుగు."

"అయితే ఆవిడ అక్కగారి కొడుకువన్నమాట" అని తేల్చేసి, చార్జీ మాట ఎత్తకుండానే నా సంచి లోపల పెట్టేశాడు. దారిలో తన పదో తరగతి తెలుగు మార్కులు చెప్పాడు. అవి ఆవిడకు గుర్తు చేయొద్దని కూడా చెప్పాడు. దింపాక 30 రూపాయలు తీసుకున్నాడు.

హైదరాబాద్‌లో మా ఎదురు ఫ్లాట్‌లో ఏళ్లుగా ఉంటున్నవాళ్ల ఇంటిపేరు నాకు తెలీదు. ఆ అలవాటుతో వచ్చినవాడికి మొదటిరోజు ఈ ఆరాలు చిరాకే. పాల ప్యాకెట్ కోసం వెళ్తే జీతమెంత అన్నారు. ఫోన్ రీచార్జి చేయించుకుంటుంటే పిల్లలెంతమంది, ఒక్కర్తేనా, ఇంకొకరు వద్దనుకున్నారా అన్నారు. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ ఈ ఊళ్లోనే గడిచాయి. ఆ తర్వాత పెళ్లిళ్లకీ చావులకీ కార్లో రావడం, పొద్దుగూకేలోపు వెళ్లిపోవడం. ఊరు కిటికీ అద్దంలోంచే కనబడేది.

చిన్నమ్మ రిటైరైనా ఇంట్లో పుస్తకాల బీరువా మీద సుద్దముక్కల డబ్బా అలాగే ఉంది. సంక్రాంతి వెళ్లి వారం కాలేదు కాబట్టి స్టీలు డబ్బాలో అరిసెలు, పోకుండలు ఉన్నాయి. పోకుండలు మా వైపు తప్ప ఎక్కువగా కనబడవు. పాకం, బియ్యప్పిండి అరిసెకు కలిపినట్టే కలిపి, గుండ్రంగా చేసి నూనెలో వేస్తారు. నాలుగోరోజుకి గట్టిపడతాయి, అప్పుడే రుచి. మధ్యాహ్నం తెలగపిండి, మునగాకు కలిపి చేసిన కూర పెట్టింది. నువ్వుల నూనె తీశాక మిగిలే పిండి అది. మా ఫ్లాట్ దగ్గర సూపర్ మార్కెట్లో అడిగితే పశువుల దాణా కొట్టుకి వెళ్లమన్నారు.

సాయంత్రం షేర్ ఆటోలో రావివలస. ఎండల మల్లికార్జునుడి గుడి. గుడి అంటున్నాను గానీ స్వామి మీద కప్పు లేదు. ఆ పెద్ద లింగం ఎండకీ వానకీ అలాగే ఉంటుంది, పేరు కూడా అందుకే. కార్తీక సోమవారాల్లో కాలు పెట్టే చోటుండదు. ఆ వేళ మాత్రం పూజారి, నేను, ఇద్దరు కొత్త దంపతులు. పూజారి గోత్రం అడిగి, తర్వాత అమ్మగారి ఇంటిపేరు అడిగి, "అయితే మీ తాతగారు పోస్టాఫీసులో చేశారు కదా" అన్నాడు. చేశారు. ఆయన పోయి ఎంతో కాలమైంది. నా కూతురికి కూడా ఆయన ఉద్యోగం ఏమిటో తెలీదు.

తిరిగొచ్చాక మెయిన్ రోడ్డు మీద మురీ మిక్చర్, పొట్లం 20 రూపాయలు. మరమరాలు, ఉల్లిపాయ, టమాటా, నిమ్మకాయ, వేరుశనగలు, బండివాడు పేరు చెప్పని ఓ కారం. కారం తగ్గించమంటే నా వైపు జాలిగా చూసి, తగ్గించకుండానే కలిపాడు.

నౌపడ, తేలినీలాపురం, బుధవారం

తెల్లవారుజామున మంచు. రోడ్డు మీద కుర్రాళ్లు గుంపుగా పరుగు తీస్తున్నారు. కొందరికి కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఆర్మీకో, కానిస్టేబుల్ పరీక్షకో తయారవుతున్నవాళ్లు. ఈ జిల్లా ఉత్తరపు కొసన ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊళ్లున్నాయి. పక్కింటి కుర్రాడు ఆ పరుగు ముగించుకొచ్చి, స్నానం చేసి, చిన్నమ్మ ఇచ్చిన చోడి (రాగి) అంబలి గ్లాసుడు తాగి, తన బండి మీద నన్ను నౌపడ తీసుకెళ్లాడు. పెట్రోలు పోయిస్తానంటే ఒప్పుకోలేదు. చివరికి 100 రూపాయలకి ఒప్పుకున్నాడు, అదీ ఇంట్లో చెప్పకూడదన్న షరతు మీద.

నౌపడ జంక్షన్ నాకు చిన్నప్పుడు పెద్ద స్టేషను. పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు ఇక్కణ్ణించే బయల్దేరేది. 1900లో వేసిన నేరోగేజ్ లైను, మా సెలవుల రోజుల్లో ఇంకా నడిచేది. కిటికీలోంచి చెయ్యి చాపితే పొలం గట్టు మీది రెమ్మ అందేంత నెమ్మది. అది 2004లో ఆగిపోయి, బ్రాడ్‌గేజ్‌గా మారి, 2011కి గుణుపురం దాకా మళ్లీ రైళ్లు నడిచాయి. ఇప్పటి రైలు వేగంగా వెళ్తుంది. దానివల్ల గుణుపురంలో చదివే పిల్లలకి ఎంతో సౌకర్యం, నా బెంగతో వాళ్లకేం పని?

ఉప్పు మళ్ల దగ్గర తెల్లటి కుప్పలుంటాయని ఆశపడి వెళ్తే బురద ఉంది. జనవరిలో మళ్లు సిద్ధం చేస్తారు. పాత మట్టి తీసి, గట్లు కట్టి, అడుగు గట్టిపడేదాకా కాళ్లతో తొక్కుతారు. "ఉప్పు కావాలంటే ఎండలప్పుడు రా బావూ. ఇప్పుడొత్తే తొక్కుడికి రా" అంది ఓ పెద్దావిడ. పక్కవాళ్లు నవ్వారు. ఫొటో తీయనా అంటే చీర కొంగు సర్దుకుని నిలబడి, తీశాక ఫోను లాక్కుని చూసి, "బాగున్నాదేటి, ముసిల్దాన్ని చేసీసినావు" అంది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

అక్కణ్ణించి తేలినీలాపురం. ఊరు కనబడకముందే వాసన వస్తుంది, పచ్చి చేపల వాసన. చింతచెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. కిందున్న పెంకులు, గోడలు, ఎరువు కుప్పలు అన్నీ రెట్టలతో సున్నం కొట్టినట్టే. ముక్కుల టకటకలు, పిల్లల అరుపులు, ఆ గోల మధ్యే ఒకావిడ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఇబ్బంది అనిపించదా అని అడిగాను. "పురిటికొచ్చిన ఆడపిల్లల్ని ఇబ్బందంటామేటి?" అంది. వానలు వెళ్లే వేళకి వచ్చి, పిల్లల్ని పెంచుకుని వేసవి ముందు వెళ్తాయి. రాని ఏడాది ఊరికి మంచిది కాదని నమ్మకం. గూట్లోంచి జారిపడ్డ పిల్లను ఊళ్లో ఎవరూ ముట్టుకోరు, ఏం చేయాలో చూసే మనుషులకి అప్పజెబుతారు.

అందరూ వీటిని సైబీరియా నుంచి వచ్చాయంటారు. నేనూ చిన్నప్పుడు వ్యాసంలో అదే రాశాను. నిజానికి ఈ రెండు జాతులూ దక్షిణాసియావే. తిండీ నీళ్లూ చూసుకుని చోటు మారతాయంతే. కుర్రాడితో ఈ మాట అంటే నొచ్చుకున్నాడు. సైబీరియా అయితేనే బాగుందన్నాడు. పరీక్షలో ప్రశ్న వస్తే ఏది రాయాలో తేల్చుకోలేక, తిరుగు దారంతా నన్నే అడిగాడు.

పలాస, మందస, గురువారం

పలాస-కాశీబుగ్గలో దిగితే జీడిపిక్కల వాసన. కాల్చిన గింజ వాసనే గానీ గొంతులో కాస్త గరగర. చిన్నమ్మ పాత శిష్యుడొకాయన ఒక బట్టీలో లెక్కలు రాస్తాడు, అతను లోపలికి తీసుకెళ్లాడు.

తినే పప్పు చేతికి రావడానికి ఇంత పని ఉందని చూస్తే గానీ తెలీదు. పిక్కల్ని ఆవిరికి ఉడికించి ఆరబెడతారు. తర్వాత ఒక్కొక్కటీ కోతయంత్రంలో పెట్టి పగలగొట్టాలి. చేత్తో గింజ పెడుతూ, కాలితో తొక్కుతూ, అది తెరుచుకోగానే పప్పు చెక్కు చెదరకుండా బయటికి తీయాలి. తొక్కలో ఉండే జీడినూనె చర్మాన్ని కాలుస్తుంది. ఆముదమో బూడిదో రాసుకుని కూర్చుంటారు, అయినా వేళ్లు నల్లబడతాయి. ఒకావిడ తన అరచేయి చూపించి, "ఇస్కూల్లో నా కూతురు చెయ్యి పట్టుకోదు" అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. పెద్ద యూనిట్లలో ఇప్పుడు యంత్రాలే కోస్తున్నాయి. అక్కడ ఈ చేతులకి పని తగ్గింది. అది మంచో చెడో ఆవిణ్ణి అడిగితే, "రెండూను" అంది.

పప్పుని వేడిగదిలో ఆరబెట్టాక పైపొర ఊడుతుంది. అది తీసేవాళ్లు వేరు, గుండు, బద్ద, ముక్క అని ఏరేవాళ్లు వేరు. డబ్బాల మీద 210, 240, 320 అని రాసుంటే ధర కోడ్ అనుకునేవాణ్ణి. ఒక పౌను తూకానికి ఎన్ని పప్పులు పడతాయో అది. అంకె చిన్నదైతే పప్పు పెద్దది. ఉద్దానం, అంటే ఈ చుట్టుపక్కల తోటల సీమ, అక్కడి పిక్క సరిపోక ఆఫ్రికా దేశాల నుంచి కూడా తెప్పిస్తారు. పలాస పప్పు అని మనం కొనేదాంట్లో కొంత సముద్రం దాటి వచ్చినదే. 240 రకం కిలో 950 చెప్పారు. చిన్నమ్మ పేరు చెప్పాక 900కి దిగింది. పప్పు తూచాక గుప్పెడు బద్ద మీద వేసి, "ఇది టీచరమ్మకి" అన్నారు.

బస్టాండు పక్కన బండి మీద వడలు, పైన బఠానీల కూర పోసి ఇస్తున్నారు. ఒడిశా అలవాటు. బండివాడు నాతో తెలుగులో, భార్యతో ఒరియాలో, పక్క బండివాడితో రెండూ కలిపి మాట్లాడుతున్నాడు. ప్లేటు 30. కూర అయిపోతే అడక్కుండానే మళ్లీ పోస్తాడు. నేను రెండోసారి పోయించుకున్నాను.

మందస బస్సు ఆ రోజు మామూలు దారిన పోలేదు. ముందు కల్వర్టు పని నడుస్తోందని డ్రైవరు తోటల్లోకి తిప్పాడు. అలా గంటసేపు ఉద్దానం చూశాను. కొబ్బరి, జీడి, పనస, కింద నీడలో కంద. ఎండ నేల మీద పడని తోటలని చిన్నప్పుడు అనుకునేవాళ్లం. ఇప్పుడు పడుతోంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడే తీరం దాటింది. పక్క సీటు మామ్మ కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది. ఎత్తుగా ఉన్నవి అప్పుడు మిగిలినవి, మెడ దాకా ఆకులున్నవి తర్వాత నాటినవి. "కొడుకు పోయినంత పనైనాది" అంది. ఆవిడ ఒళ్లో ఆసుపత్రి ఫైలుంది. ఉద్దానం అనగానే కిడ్నీల జబ్బు గుర్తొచ్చే రోజులివి. పలాసలో 2023 చివర్లో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, ఊళ్లకి వంశధార నీళ్లు గొట్టాల్లో వస్తున్నాయి. మామ్మ భర్తకి డయాలసిస్. ఆవిడ వివరాలన్నీ చెప్పి, నన్ను మా ఇంటిల్లిపాది ఆరోగ్యం అడిగి, రోజుకెన్ని గ్లాసుల నీళ్లు తాగుతున్నావని నిలదీసింది. తగినన్ని కాదన్నాను. బస్సు దిగేదాకా చీవాట్లు.

మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. రాతి చెక్కడం బాగుంది, చల్లగా ఉంది, తొందరపెట్టేవాళ్లు లేరు. ఈ జమీందారీ మీద రైతులు తిరగబడ్డప్పుడు 1940లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన వీరగున్నమ్మది ఈ చుట్టుపక్కల ఊరే. గుడి మెట్ల మీద ఒకాయన ఆ కథ చెప్పాడు, చెబుతూ మధ్యలో నిన్నటి రోజున జరిగిందన్నట్టు ఆవేశపడ్డాడు. మందసకి వచ్చి కోవా కొనకపోతే ఎవరూ క్షమించరు. తీపి తక్కువ, పాల వాసన ఎక్కువ. కొట్టాయన ముందు చేతిలో ముక్క పెట్టి, తిన్నదాకా చూసి, ఎలా ఉందో చెప్పాకే తూచాడు. అరకిలో కొన్నాను. టెక్కలి చేరేసరికి పావుకిలో అయింది.

పొందూరు, శుక్రవారం

నౌపడలో ప్యాసింజరు పట్టుకుంటే శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక పొందూరు. రైల్లో తేగలు అమ్మకానికొచ్చాయి, కట్ట 20. వచ్చే ఆదివారమే రథసప్తమి, అరసవల్లి వెళ్లే జనం అప్పుడే మొదలైంది. ఆ గుంపు మధ్య తేగ ఒలుచుకోవడానికి మోచేతులకి చోటు చాలలేదు.

పొందూరులో ఖాదీ గురించి అడిగితే ముందు సంఘం దుకాణానికి పంపుతారు. బట్ట చూసి ధర చూసి నోరు మూసుకున్నాను, పంచె వేలల్లో ఉంది. తర్వాత దుకాణంలోని ఆయనే, "ధర ఎందుకంతుందో చూసి రండి" అని ఒక వీధి పేరు చెప్పాడు. ఆ వీధిలో మూడిళ్లు దాటాక ఒక చావడిలో పెద్దవయసు ఆడవాళ్లు కూర్చుని పత్తి దువ్వుతున్నారు. దువ్వెన ఏమిటో తెలుసా, చేప దవడ. వాలుగ చేపది. గోదావరి వైపు నుంచి వస్తుందట. దాని పళ్లు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే వేలితో రాస్తే గరుకు తెలుస్తుంది గానీ విడివిడిగా కనబడవు. గింజకి అంటుకునున్న దూదిని దాంతో దువ్వుతుంటే చెత్తంతా రాలిపోయి పోగులు వరసగా పడుకుంటాయి. ఇనపకడ్డీతో చెక్క మీద దొర్లిస్తే గింజ ఇవతలికి, దూది అవతలికి. ఆపైన విల్లుతో ఏకడం, ఏకులు చేసి ఎండు అరటిదొన్నెలో చుట్టి దాచడం, అప్పుడు రాట్నం. కొండపత్తి, ఎర్రపత్తి పండే చేలు తగ్గిపోయాయని బాధపడ్డారు.

నన్నూ ప్రయత్నించమన్నారు. పోగు బెత్తెడు పొడుగు రాకుండానే తెగింది. మళ్లీ తెగింది. "సెల్లు పట్టుకున్నట్టు పట్టుకుంటే తెగదేటి?" అని ఒకావిడ నా వేళ్లు విప్పి సర్దింది. ఆవిడ తీసే నూలు వెలుగుకి అడ్డంగా పెడితే తప్ప నాకు కనబడలేదు. కంటి ఆపరేషన్ అయినా తీస్తూనే ఉంది. చూపుతో పని లేదు, వేలికి తెలుస్తుందంది.

గాంధీజీ ఈ నూలు చూసి ఆశ్చర్యపోయి తన కొడుకు దేవదాస్‌ని పంపారని అక్కడ ప్రతివాళ్లూ చెబుతారు. అదొక్కటే పదేపదే వినబడుతుంది. రోజంతా తీస్తే ఎంత వస్తుందని అడిగినప్పుడు మాత్రం గొంతులు తగ్గాయి. ఉపాధి పనికి వెళ్తే అంతకన్నా ఎక్కువ. మా అమ్మాయిలకి నేర్పించలేదు అని ఒకావిడ, నేర్పిద్దామన్నా రారు అని ఇంకొకావిడ. వాళ్ల మనవలు బెంగళూరులో, విశాఖలో ఉన్నారు. అలా పట్నం ఉద్యోగంలోనే ఉన్న నాకు, అయ్యో ఈ కళ పోతోందే అనే హక్కు ఎక్కడిది? దుకాణానికి తిరిగెళ్లి చొక్కాకి సరిపడా బట్ట తీసుకున్నాను. ధర చెబితే ఇంట్లో గొడవవుతుంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

మధ్యాహ్నం భోజనం ఓ మెస్‌లో, 90 రూపాయలు. పప్పు, గుమ్మడికాయ పులుసు, వంకాయ, చిన్న గిన్నెలో ఎండు రొయ్యల వేపుడు. వడ్డించే ఆయన మూడోసారి అన్నం వద్దంటే వినలేదు. "పట్నంలో ఇంతే తింటారా, అలాగైతే బతకడం ఎలాగు?"

కొండ దిగువ సంత, శనివారం

చిన్నమ్మ కూడా వచ్చింది. సంతకి తను లేకుండా వెళ్తే మోసపోతానని ఆవిడ భయం. సవర ఆడవాళ్లు కొండలు దిగి కొండచీపుర్లు, చింతపండు, పసుపు కొమ్ములు తెచ్చారు. వెదురు చేటలు ఒక వరస, ఎండుచేపలు గాలి వాటం చూసి చివరి వరస. మిగతా అంతా ప్లాస్టిక్ బిందెలు, చైనా బొమ్మలు, తొమ్మిది రంగుల నైటీలు, చెప్పులు లేని కాళ్లకి వందకి మూడు చొప్పున సాక్సు. ఎవరి ఫొటోలోనూ ఇవి కనబడవు గానీ జనం ఎక్కువున్నది అక్కడే.

చీపురు 60 చెప్పింది అమ్మే అమ్మాయి. నేను 60 తీస్తుంటే చిన్నమ్మ నా చేయి పట్టుకుంది. 50కి అడిగి, ఆ పిల్ల ఏ ఊరో, బడికెందుకు వెళ్లడంలేదో, వసతి గృహంలో సీటు ఎందుకు మానేసిందో అంతా విచారించి, హెడ్‌మాస్టరు ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, చివరికి 60 ఇచ్చింది. "మరి బేరమెందుకు?" అంటే, "మాట కలపాలి కదరా" అంది. ఈ లెక్కన మా చీపురుకి అరగంట పట్టింది. వెనకవాళ్లు ఒక్కరూ విసుక్కోలేదు. వాళ్లూ సలహాలు ఇచ్చారు.

ఎండుచేపల దగ్గర మాత్రం చిన్నమ్మ బేరం బేరమే. మెత్తళ్లు కిలో 450 నుంచి 400కి. పాత పేపరు, దాని మీద అరటాకు, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు. ఇన్ని కట్టినా ఆ రాత్రి రైల్లో విజయనగరం దాటకముందే ఎదురు బెర్తు ఆయన లేచి కూర్చున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కిలో ఎంతకిచ్చారని అడిగాడు. 400 అంటే పెదవి విరిచి, తనైతే 300కి తెస్తానన్నాడు. పొద్దున ఇల్లు చేరి చిన్నమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. "తలలు తీసి శుభ్రం చేసినవిరా అవి, వాడికేం తెలుసు" అని ఫోను పెట్టేసింది. ఐదు నిమిషాలకి మళ్లీ ఆవిడే చేసి, వాటిని ముందు ఒక పూట ఎండలో పెట్టమని, వంకాయతో వండితే చింతపండు తక్కువ వేయమని చెప్పింది.